తోడికోడలి కిటికీ

మార్చి 2

మెలూర్ భవనం. గోడలు మామూలే. మెట్ల మీద నాచు పట్టింది, గీకించాలి. పోటు నీళ్ళు వాకిలి దాటి మొదటి మెట్టు ఎక్కి దిగాయి.

కార్పొరేషన్ వాళ్ళు ప్రతి భవనానికీ ఒక గోడకాపును పెట్టారు. మెలూర్‌కి నేను, నూకరత్నాన్ని. రోజూ గోడలు తడిమి చూసి, బోరు పంపు నడిపి, ఏం కనిపించిందో, మాట విని రాసుకునే ఈ పలకకి చెప్పాలి. "మీకు తోచిందల్లా చెప్పండి, ఏ సంగతీ చిన్నది కాదు" అన్నారు శిక్షణలో. కాబట్టి తోచింది చెబుతున్నాను.

ఇవాళ చెంపక భవనాన్ని ఎత్తడం మొదలుపెట్టారు.

చెంపక మా ఎదుటి భవనం. మధ్యలో ఒక్క పడవ పట్టేంత కాలువ. నా వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా నా తోడికోడలు మంగవేణి వంటింటి కిటికీ. మా మరిది తవిటినాయుడి భార్య. ఇన్నేళ్ళుగా చీపురుకర్రకి గిన్నె తగిలించి, ఆ కిటికీలోంచి ఈ కిటికీలోకి కూరలు పంపుకుంటున్నాం.

మా తెలుక్ సిరి ఊరు పెరిగినకొద్దీ కుంగుతోంది. వచ్చినవాడల్లా నేల కింది నీళ్ళు తోడుకుంటే నేల దిగక ఏం చేస్తుంది? మా ముత్తాతలు విశాఖ వైపు నుంచి కొబ్బరితోటల పనికి ఓడలెక్కి ఈ మలయ్ దేశానికి వచ్చినప్పుడు సముద్రం చూడాలంటే బండి కట్టుకుని వెళ్ళేవారట. ఇప్పుడు అదే మమ్మల్ని చూడ్డానికి వాకిట్లోకి వస్తోంది. అందుకే భవనాలని ఒక్కొక్కటిగా జాకీల మీద పైకెత్తి, కింద స్తంభాలు కట్టి, పైన వేసిన కొత్త రోడ్డుకి కలుపుతున్నారు. ఎవరిని ముందు ఎత్తాలో నగర మెదడు అనే యంత్రం మార్కులు వేసి చెబుతుంది. చెంపకకి మార్కులు ఎక్కువ వచ్చాయి. అక్కడ బడి పిల్లలు ఎక్కువట. మంగవేణికే ముగ్గురు. నాకు ఒక్కడు, వాడు ఓడల మీద పని చేస్తాడు కాబట్టి లెక్కలోకి రాలేదు.

"అక్కా! సూడక్కా, నాను పైకెల్తన్నాను!" అని కిటికీలోంచి అరిచింది మంగవేణి. అప్పటికి ఆ భవనం వెంట్రుకవాసి కూడా లేవలేదు.

మార్చి 11

గోడలు మామూలే.

చెంపక రోజుకి జానెడు లేస్తోంది. లోపల జనం వండుకుంటున్నారు, పిల్లలు చదువుకుంటున్నారు, ఎవరో ఈలపాట నేర్చుకుంటున్నారు. అలా ఉండగానే లేస్తోంది. మొన్న పొయ్యి దగ్గర నిలబడి తలెత్తితే మంగవేణి మొహం కనబడలేదు. కూరలు తరిగే చేతులు కనబడ్డాయి. ఇవాళ ఆ చేతులూ లేవు, నాచు పట్టిన గోడ. రేపోమాపో దాని కింది ఇంటివాళ్ళ కిటికీ నా ముందుకొస్తుంది. వాళ్ళు కిటికీలో తడి చెప్పులు ఆరబెట్టుకుంటారు.

గిన్నె పంపడానికి చీపురుకర్ర అందడం లేదు. మంగవేణి తాడు కట్టి నెత్తళ్ళ పులుసు కిందికి దింపింది. దింపింది! ఎప్పుడూ చెయ్యి చాపి అందుకునేదాన్ని. ఇవాళ చెయ్యి పైకెత్తి నిలబడాల్సి వచ్చింది, గుడి మెట్ల మీద అడుక్కునేదానిలా. పులుసులో ఉప్పు తక్కువైందని అరిచి చెప్పాను.

ఏప్రిల్ 4

మెలూర్ గోడలకి చెమ్మ. పంపు బాగానే ఉంది.

ఎత్తడం అయిపోయింది. చెంపక వాళ్ళ గుమ్మం ఇప్పుడు పై రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. గుమ్మం ముందే బస్సు ఆగుతుంది. వాళ్ళకి ఎండ. ఆ రోడ్డు నీడ మా మీద. మధ్యాహ్నం పూట కూడా దీపం వేసుకుని బియ్యం ఏరుతున్నాను.

ఇవాళ మా అత్త పైడమ్మ మూటముల్లె సర్దుకుంది.

"నాలుగు దినాలుండి వొచ్చెత్తానే. ఆడ బాల్కనీలో ఎండ తగుల్తాది. మోకాళ్ళు పట్టీసినాయి నాకు" అంది.

"ఎల్లత్తా, ఎల్లు. ఎండని నేనేమీ మూట కట్టి తేలేను" అన్నాను.

మా ఆయన గురునాయుడు కింది వీధుల్లో పడవ నడుపుతాడు. తల్లిని తన పడవలోనే చెంపక మెట్ల దగ్గర దింపి వచ్చాడు. పైనుంచి మంగవేణి, "అత్తా, జాగర్త! ఇదుగో, నా సెయ్యట్టుకో" అనడం వినబడింది. నవ్వుతూనే అంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. ఆమె ఎవరో గాని మా కాలువ పక్కనే ఉండి ఉంటుంది.

అత్త నాలుగు రోజుల్లో రాదు. నాకు తెలుసు.

ఏప్రిల్ 19

గోడలు బాగున్నాయి. నేను ఇంకా బాగున్నాను.

పైకి లేపేటప్పుడు చెంపక పాత బోరు తెగిపోయింది. పై రోడ్డు వెంట వేసిన కొత్త గొట్టాల్లో నీళ్ళు రావాలంటే ఎగువన జలాశయం పూర్తవ్వాలి. అది పూర్తవ్వలేదు. రోజూ వస్తానన్న నీళ్ళ ట్యాంకరు వారానికొకసారి వస్తోంది, ఊరినిండా ఇలా ఎత్తిన భవనాలే కదా మరి. కుళాయిలు తిప్పితే గాలి బుస్సుమంటోందట.

ఇవాళ మంగవేణి దిగి వచ్చింది. మెట్లన్నీ దిగి, పడవలో కాలువ దాటి, మళ్ళీ మెట్లెక్కి, మా గుమ్మంలో.

"అక్కా, మీ బోరు నీళ్ళు కూసింత మాకు ఇప్పించవా? గొట్టం మేమే ఏసుకుంటాం. పిల్లలు తానాలు సేసి మూడు దినాలైపోనాది."

స్టవ్ తుడుస్తూ ఉండిపోయాను. తుడిచిందే తుడిచాను. తర్వాత, "సరేలే" అన్నాను.

సాయంత్రానికి గొట్టం వేశారు. వాల్వు నా చేతిలో ఉంది. రోజూ పొద్దున్న చెంపక వాళ్ళు రెయిలింగు మీద వరసగా వాలి, నేను ఎప్పుడు తిప్పుతానా అని కిందికి చూస్తుంటారు. నేను ముందు టీ తాగుతాను.

మే 6

మెట్ల గదిలో, మా ఇంటి వెనక గోడకి బీట కనిపించింది. పైనుంచి కిందికి, వాలుగా. మైదా జిగురుతో దాని మీద అడ్డంగా కాగితం ముక్క అంటించాను. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది.

మే 9

చిరిగింది. కొత్తది అంటించాను. అదీ చిరిగింది.

నిన్న కరెంటు లేక పంపు నడవలేదు. ఆ ఒక్కరోజు మాత్రం కాగితం చెక్కుచెదరలేదు. రెండు భవనాలకీ నీళ్ళు తోడుతుంటే మా బోరు కింద నేల జారుతోందని నా అనుమానం. ఈ సంగతి పలకకి చెప్పాను. ఎప్పుడూ "నమోదైంది" అని ఊరుకునేది, ఇవాళ ఇంకా రెండు ముక్కలు కలిపింది:

"మీ నివేదిక అందింది. ప్రాధాన్యం: తక్కువ. కారణం: ఈ గోడకాపు నమోదుల్లో ఎదుటి భవనం పట్ల వ్యక్తిగత అసూయ."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే మాట. గోడ ఫొటో పెట్టాను. "ప్రాధాన్యం: తక్కువ." నా మాటలు ఎవరో నిజంగా వింటున్నారని ఈ మే నెల దాకా నాకు తెలియదు.

మే 14

బీట గోరు దూరేంత అయింది.

వాల్వు కట్టేశాను. మా భవనానికి మాత్రం ఒక్క గంట పంపు వేసి ఆపేశాను. చెంపక రెయిలింగు మీద నుంచి కేకలు. మా ఆయన పడవ కట్టేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏటే ఇది? తమ్ముడి ఇంట్లో గుక్కెడు నీళ్ళు లేవు. అమ్మ కూడా ఆడే ఉంది. నీ కుళ్ళు నీళ్ళ మీద సూపిత్తావేటి?"

"గోడ సూడయ్యా. నా మాట నమ్మకపోతే గోడని నమ్ము."

చూశాడు. "ఈ ఊర్లో బీట లేని గోడ ఏదే?" అన్నాడు. అదీ నిజమే.

అత్త పైనుంచి తాడుకి చిన్న బిందె కట్టి దింపింది. బిందె మా కిటికీ ముందు గాలికి ఊగుతూ ఉంది. నింపి పంపాను. ఆ తర్వాత వాల్వు మళ్ళీ తెరిచేశాను.

వాల్వు దగ్గరే కూర్చుని చాలాసేపు ఆలోచించాను. బీట కనబడక ముందు కూడా నాకు ఈ వాల్వు కట్టేయాలనిపించింది. ఒకటి రెండుసార్లు కాదు. ఇవాళ కట్టేసినప్పుడు నా చేతిని నడిపింది గోడా, మంగవేణి బాల్కనీలో కూర్చుని ఎండ కాచుకుంటున్న మా అత్తా? నాకే తెలియకపోతే ఆ మెదడుకేం తెలుస్తుంది?

మే 20

కార్పొరేషన్ అధికారిణి రోస్లీనా వచ్చింది. ఈ వార్డులో ఎత్తాల్సిన భవనాలన్నిటికీ ఆమె ఒక్కతే. కళ్ళ కింద నల్లటి చారలు, బూట్లు తడిసిపోయి ఉన్నాయి. ఆమె మలయ్ భాషలో మాట్లాడుతుంది. నా చెవిపూస దాన్ని పంతులుగారి తెలుగులోకి మార్చి వినిపిస్తుంది.

"గౌరవనీయులైన నూకరత్నం గారూ, మీపై నూట పన్నెండు కుటుంబాలు ఫిర్యాదు చేశాయి. మీరు నీటిని ఆపివేశారా?"

"ఒక్క పూట ఆపాను. మళ్ళీ ఇచ్చాను. గోడ చూడండమ్మా."

ఆమె గోడ చూడలేదు. తన పలక తీసి నా నమోదులు చదివింది. "పులుసులో ఉప్పు తక్కువైందని అరిచి చెప్పాను." పేజీ తిప్పింది. "నేను ముందు టీ తాగుతాను." నావైపు చూసింది. మెట్ల మీద నిలబడిన మా భవనం వాళ్ళందరూ విన్నారు. వాళ్ళ చెవిపూసలు కూడా పంతులుగారి తెలుగులో, తమిళంలో, చైనావాళ్ళ హొక్కియన్‌లో చెప్పే ఉంటాయి.

"మీకు కోపం రావడం సహజమే" అంది రోస్లీనా. హేళనగా అనలేదు. "మెలూర్ వంతు కూడా వస్తుంది. పరీక్షకు మనుషులను పంపించమని అడుగుతాను. కాని నా వద్ద ఉన్న రెండు బృందాలూ వచ్చే నెల వరకు ఖాళీగా లేవు. ఈలోగా దయచేసి నీటిని ఆపవద్దు."

"ఆపను" అన్నాను. ఆమె వెళ్ళాక పంపు వేసి, వాల్వు పూర్తిగా తెరిచాను. గోడ లోపల ఎక్కడో టక్కుమంది.

మే 22

మంగవేణి వచ్చింది. చేతిలో బిందె లేదు.

"ఆ బీట ఏదక్కా, సూపించు."

చూపించాను. వేలు పెట్టింది. వేలి మొదటి కణుపు లోపలికి పోయింది.

"పంపు ఏసినప్పుడే పెరుగుతందా?"

"నీకెందుకే? నువ్వు కూడా నాది కుళ్ళనుకో."

"కుళ్ళేనక్కా" అంది, వేలు తీయకుండానే. "నీకు నా మీద కుళ్ళు లేదంటే ఎవులు నమ్ముతారు? గాని కుళ్ళుకున్నప్పుడు నువ్వు మూతి ముడుస్తావు. గిన్నెలు బాదుతావు. నా వంటకి వంకలెడతావు. అబద్దం మాత్తరం ఆడవు. ఇన్నేళ్ళూ సూడనేదా నాను?"

"అంత బాగా ఎలా తెలుసే నీకు?"

"నాకూ ఉంది గనక!" అని గట్టిగా అంది. "అత్త నీ సేతి కూడు తప్ప తినీది కాదు. నాను సేసిన కూర ఏలితో కెలికి ఒగ్గీసీది. ఇప్పుడు కూడా, నా ఇంట్లో కూకుని, రత్నం సారు ఇలగ కాయదు అంటాది. రోజూ అంటాది. ఎండ కోసం నా ఇంటికొచ్చింది గాని నా కోసం కాదక్కా."

అత్త నా చారు గురించి అలా అంటోందని ఎవరూ నాకు చెప్పలేదు. ఆ ఒక్క మాట తెలిసుంటే ఏప్రిల్ నెలంతా నేను వేరేలా బతికేదాన్ని.

మంగవేణి తన పలక తీసింది. చెంపకకి గోడకాపు తనే.

"నాను సెప్తాను. నీళ్ళు పోయేది మాకు. నష్టపోయేవాళ్ళు సెప్తే నమ్మాల మరి ఆ మెదడు" అంది. పలకకి చెప్పింది. "మెలూర్ బోరు ఆపీండి. మాకు నీళ్ళొద్దు. ఆ గోడ పోతంది."

పలక ఒక్క క్షణం ఆగి, "ప్రాధాన్యం: అత్యధికం" అంది.

నేను తొమ్మిదిసార్లు చెప్పిన మాట. మంగవేణి ఒక్కసారి చెప్పింది. సంతోషించాలి. సంతోషించాను కూడా. దాని పలక తీసి కాలువలోకి విసిరేయాలని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి.

మే 23

ఉదయమే రోస్లీనా, ఒక బృందం వచ్చారు. పరికరం గోడకి ఆనించిన మనిషి మళ్ళీ ఆనించి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి రోస్లీనాతో ఏదో అన్నాడు. చెవిపూస అది కూడా వినిపించింది: "పునాది ఒక పక్కకు జారుతోంది. వీరిని ఇప్పుడే బయటకు తరలించాలి."

చెంపక మెట్ల మొదటి మలుపు నుంచి మా రెండో అంతస్తు వరండా మీదికి ఇనుప వంతెన వేశారు. చెంపక వాళ్ళే వచ్చి మా ముసలివాళ్ళని వీపుల మీద ఎక్కించుకున్నారు. నీళ్ళు ఆపానని నన్ను తిట్టినవాళ్ళే. తలుపులు ఒరుసుకుంటున్నాయి, నేల మీద పెట్టిన నా చెంబు తనంతట తానే దొర్లి గోడకి కొట్టుకుంది.

అందరూ దాటారనుకున్నాం. లెక్క చూస్తే పై అంతస్తు లిమ్ తాత లేడు. గోడకాపుగా అందరి తలుపులూ తట్టాల్సింది నేను. తట్టాను. ఆయనకి చెవులు వినబడవు, చెవిపూస తీసి పడుకుంటాడు. మళ్ళీ పైకి పరిగెత్తాను. గోడ ఒరగడంతో ఆయన తలుపు చట్రంలో ఇరుక్కుపోయింది. భుజంతో తోశాను, కదల్లేదు. వెనక నుంచి ఎవరో వచ్చి నాతో కలిసి తోశారు. తిరిగి చూస్తే మంగవేణి.

"నువ్వెందుకొచ్చావే? నీకు ముగ్గురు పిల్లలు!"

"మాటాడకుండా తొయ్యక్కా!"

మూడోసారికి తలుపు ఊడింది. లిమ్ తాత మంచం మీద కూర్చుని, తలుపు విరగ్గొట్టిన ఇద్దరు ఆడవాళ్ళని చూసి దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. చెరో రెక్కా పట్టుకుని దించాం. మేం వంతెన దాటి చెంపక మెట్ల మీద కాలు పెట్టాక, మా మెట్ల గది గోడ లోపలికి కూలింది. దుమ్ము కాలువ నిండా లేచింది.

మా ఆయన మెట్ల మీద కూలబడి ఉన్నాడు. నన్ను చూసి, "నేను నమ్మనేదు" అన్నాడు. ఆ మాటకి సమాధానం తర్వాత చెప్పచ్చు, బతికున్నాం కదా.

జూన్ 16

భవనం లేని గోడకాపును నేను. పలకని మాత్రం ఇంకా ఎవరూ వెనక్కి అడగలేదు, కాబట్టి చెబుతున్నాను.

మెలూర్‌ని ఎత్తడం కుదరదట. కూల్చేస్తారు. మా వాళ్ళందరికీ ఊరి చివర కొత్త టవర్లలో ఇళ్ళు ఇస్తున్నారు. మా ఇల్లు సిద్ధమయ్యేదాకా మేం మంగవేణి ముందుగదిలో ఉంటున్నాం. ఎండ బాగుంది. బాగుందని ఇంతవరకు పైకి అనలేదు. పొద్దున్నే లేచి మంగవేణి కంటే ముందు చారు కాస్తున్నాను. అత్త తాగి, ఏమీ అనకుండా గిన్నె పక్కన పెడుతుంది. మంగవేణి ఆ గిన్నె వైపు, నా వైపు చూస్తుంది. ట్యాంకరు ఇప్పుడు రోజూ వస్తోంది. రోస్లీనా రెండు రోజులు జలాశయం ఆఫీసులోనే కూర్చుని సాధించిందట.

మంగవేణి నన్ను టవర్లకి వెళ్ళొద్దంటోంది. "ఎల్లిపోతే అత్త ఎవులి దగ్గరుంటాదో నాకు తెలుసు గదా" అంది. అది ప్రేమో, పంతమో అడగలేదు.

జూలై 8

ఇవాళ మెలూర్‌ని కూల్చారు.

పక్కనున్న పెద్ద కాలువలో, బల్లకట్టుల్లాంటి పంటుల మీద యంత్రాలు నిలబడి, పై అంతస్తు నుంచి ఒక్కొక్క గదీ కొరుక్కుంటూ దిగాయి. రెండు భవనాల వాళ్ళమూ పై రోడ్డు మీద నిలబడి చూశాం. యంత్రం మా అంతస్తుకి వచ్చి, ముందు గోడ లాగేసింది. మా వంటిల్లు ఊరంతటికీ తెరుచుకుంది. ఆకుపచ్చ సున్నం, దాని మీద పొగ మసి, చట్టిని ఆనించి ఆనించి అరిగిపోయిన గోడ. నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. అందరూ చూస్తున్నారు, నేను గోడకాపును.

అప్పుడు పక్కనే భోరుమని ఏడుపు వినబడింది. మంగవేణి రోడ్డు మీద కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగడం లేదు. క్షణంలో జనం మూగారు. ఒకరు వీపు నిమురుతున్నారు, ఒకరు విసురుతున్నారు. రోస్లీనా తన సీసాలో నీళ్ళు తాగించింది. దారిన పోయే ఒకావిడ ఆగి, ఎవరిల్లమ్మా అది పాపం అని అడిగితే, మా భవనం వాళ్ళే మంగవేణిని చూపించారు.

నా ఇల్లు పోతోంటే అందరూ దాన్ని ఓదారుస్తున్నారు. ఇది కూడా దానికేనా? ఇదొక్కటైనా నాకు దక్కకూడదా?

యంత్రం పళ్ళు వంటింటి గట్టు మీద పడ్డాయి. మంగవేణి, "పొయ్యి, పొయ్యి" అంటోంది. అప్పుడు గుర్తొచ్చింది. తవిటినాయుడికి వేరే ఇల్లు దొరికేదాకా, వాళ్ళ పెళ్ళైన కొత్తలో రెండేళ్ళు అందరం అక్కడే ఉన్నాం. ఆ ఇరుకు గట్టు దగ్గర మేమిద్దరం మోచేతులతో పొడుచుకుంటూ వండాం. దానికి మొదటిసారి అన్నం మాడింది ఆ పొయ్యి మీదే. నేనే నవ్వాను.

జనాన్ని తోసుకుంటూ వెళ్ళి దాని ముందు నిలబడ్డాను.

"ఒసే, అంతా నువ్వే ఏడ్చీస్తావేటే? నాక్కూడా కూసింత ఉంచు."

తలెత్తి చూసింది. ముక్కు తుడుచుకుంది. ఏడుపు ఆపలేదు గాని, పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.